నూట ముప్పై ఒకటో కంప్యూటర్

హెప్సిబాకు రోత ఎక్కువ. ఇది ఆమె తల్లి సంపూర్ణమ్మ మాట. బస్సులో కడ్డీ పట్టుకోవాలన్నా, హోటల్లో గ్లాసు ఎత్తాలన్నా, ఇంకొకరి కీబోర్డు మీద వేలు పెట్టాలన్నా ముందు ముఖం చిట్లిస్తుంది, తర్వాత తుడుస్తుంది, అప్పుడు ముట్టుకుంటుంది. పంతొమ్మిదేళ్ళు పీలింగ్ షెడ్డులో రొయ్యల తలకాయలు విరిచిన మనిషి కడుపున ఇంత సుకుమారం ఎలా పుట్టిందో ఆ తల్లికి అంతుపట్టదు. నిజానికి హెప్సిబా రోత వాసనలకు సంబంధించింది కాదు. రొయ్యల వాసన ఆమె పుట్టి పెరిగిన వాసన. ఆమెకు పడనిది మనుషుల నిర్లక్ష్యం. అది సోకిన వస్తువేదైనా ఆమె కంటికి జిడ్డుగానే కనిపిస్తుంది.

ఆమె పనిచేసే కంపెనీ విజయవాడ నుంచి బందరు పోయే రోడ్డులో ఉయ్యూరు దాటాక వస్తుంది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని అక్కడ ఒలిచి, కడిగి, గడ్డకట్టించి, పెట్టెలకెత్తి బయటి దేశాలకు పంపుతారు. కింద షెడ్డు, వెనక కోల్డ్ స్టోరేజీ, మేడ మీద ఏసీ ఆఫీసు. గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటర్లో శుభలేఖలు టైపు చేసుకుంటున్న హెప్సిబా పదకొండేళ్ళ కిందట ఇక్కడ డేటా ఎంట్రీకి చేరింది. చేరాక సాయంత్రాలు కోర్సులు చేసింది, పరీక్షలు రాసింది, తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇప్పుడు ఆమె సిస్టమ్స్ ఇన్‌చార్జి. షెడ్డులో పనిచేసిన వాళ్ళ పిల్లల్లో మెట్లెక్కి పైన కుర్చీ సంపాదించింది ఆమె ఒక్కతే. పొద్దున ఆమె మెట్లెక్కుతుంటే కింద తెల్లటోపీలు, రబ్బరు బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు తలెత్తి చూసి "మన హెప్సిబా" అనుకుంటారు. ఆ మాటంటే ఆమెకు ప్రాణం. జీతం కంటే ఎక్కువ.

కంపెనీకి మొత్తం నూట ముప్పై ఒక్క కంప్యూటర్లు. ఆఫీసులో కొన్ని, షెడ్డులో తూకాల దగ్గర కొన్ని, మిగతావన్నీ కైకలూరు నుంచి అవనిగడ్డ దాకా చెల్లాచెదురుగా ఉన్న మేతల డిపోల్లో. వాటి సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. ఒక డిపోలో కంప్యూటర్ మీద మేత బస్తా పెట్టి దాని మీద మనిషి కూర్చుంటాడు. ఇంకోచోట మానిటర్ అంచుకే పాస్‌వర్డ్ రాసిన కాగితం అంటించి, అది ఊడిపోకుండా కుంకుమ బొట్టు కూడా పెట్టారు. అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ "తర్వాత" అన్న బటన్ నొక్కీ నొక్కీ ఆరేళ్ళు గడిపిన మహానుభావులు ఉన్నారు. అడిగితే నవ్వుతారు. ఆ నవ్వు కూడా హెప్సిబాకు జిడ్డుగానే కనిపిస్తుంది.

నిరుటి జూన్‌లో ఇక్కడి రొయ్యల్లో సగానికి పైగా కొనే బయటి దేశపు కంపెనీ ఒక ఉత్తరం పంపింది. సరుకు పంపే కంపెనీల కంప్యూటర్లలోంచి దొంగలు తమ దాకా రావడం మొదలైందట. అందుకని ఇకమీదట ప్రతి కంప్యూటర్లోనూ ఒక ఏజెంటు ఉండాలట. ఏజెంటంటే ఒక చిన్న ప్రోగ్రామ్. ఎవరికీ అడ్డం రాకుండా కంప్యూటర్లో ఒక మూల కూర్చుంటుంది. ఈ యంత్రంలో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, ఏది పాతబడింది, ఏ కన్నంలోంచి దొంగ దూరగలడు అని వెతికి, రోజూ ఆఫీసుకు కబురు పంపుతుంది. హెప్సిబా తెర మీద ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో వరస. ప్రమాదముంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. అన్నిట్లోనూ ఏజెంటు పెట్టాం, అన్నీ చక్కబెట్టాం అని సిస్టమ్స్ ఇన్‌చార్జి సంతకం పెట్టి పంపితేనే కొత్త ఏడాదికి సరుకు తీసుకుంటారు.

ఎండీ కొండలయ్య గారు చెరువు గట్టు మీద నుంచి ఎదిగిన మనిషి. ఏజెంటు అన్న మాట వినగానే బేరం తగ్గించే రొయ్యల ఏజెంటు గుర్తొచ్చి ముఖం మాడ్చుకున్నారు. హెప్సిబా ఓపిగ్గా చెప్పింది. అంతా విని ఆయన చెయ్యి ఊపేశారు.

"అంటే చెక్ ట్రే లాంటిదేగా అమ్మాయ్. దానికింత హడావిడెందుకు? నాలుగు చాలు."

"నాలుగేంటి సార్?"

"ఎకరం చెరువుకి ఎన్ని ట్రేలు దించుతాం? నాలుగు మూలలా నాలుగు. రొయ్య మేత తిందా లేదా అని ఆ నాలుగు పైకి లేపి చూస్తే చెరువంతా తెలిసిపోద్ది. ప్రతి రొయ్యకీ ఓ ట్రే కడతామా ఏంటి? మంచి కంప్యూటర్లు నాలుగు చూసి వాట్లో పెట్టెయ్."

"మంచివి చూసి పెట్టడమేంటండీ? చెడ్డవేవో తెలుసుకోడానికే కదా ఇది?"

పక్కనున్న జనరల్ మేనేజర్ గంగాధర్ గారు గట్టిగా నవ్వారు. బ్యాంకు వాళ్ళు చెరువు చూడ్డానికి వస్తే ట్రేని నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ పక్కనే దించుతారు, రొయ్యలు అక్కడే హుషారుగా ఉంటాయి గనక. ఆ విద్య కృష్ణా జిల్లాలో చెరువు ఉన్న ప్రతివాడికీ వచ్చు. ఎండీ గారికి రాకుండా ఎలా ఉంటుంది? చెరువులో రొయ్యలన్నీ ఒకే నీళ్ళు తాగుతాయనీ, ఈ కంప్యూటర్లు దేని బురద దానిదేననీ హెప్సిబా వాదించబోయింది. ఆయన వినలేదు. నిజంగానే నాలుగింట్లో పెట్టించి, నాలుగు ఆకుపచ్చ వరసలు బయటి కంపెనీకి పంపించారు. నాలుగు రోజుల్లో మర్యాదగా, మంచుగడ్డంత చల్లగా జవాబొచ్చింది. మిగతా నూట ఇరవై ఏడూ ఏవి అని. హెప్సిబాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎండీ గారికి మాత్రం ఏమీ కాలేదు. "సరే, పెట్టుకో పో" అన్నారు.

అక్కణ్ణుంచి మూడు నెలలు ఆమె డెల్టా అంతా తిరిగింది. బస్సు దిగడం, ఆటో ఎక్కడం, డిపోలో బస్తాలు జరిపించడం, తుడవడం, ఏజెంటు పెట్టడం. సాయంత్రానికి తెర మీద ఆ డిపో బండారమంతా ఎర్రగా పరుచుకునేది. దొంగ విండోస్, దొంగ అకౌంటింగ్ ప్యాకేజీ, పేకాట, పైరసీ సినిమాలు, ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్ అంటించి పోయిన వైరస్. ఒక డిపో మేనేజరు "మీ ఏజెంటు వచ్చాకే మా కంప్యూటర్‌కి జబ్బులొచ్చాయండీ, అంతకుముందు లక్షణంగా ఉండేది" అని ఎండీకి ఫిర్యాదు కూడా చేశాడు. చూసేవాళ్ళు లేనంతకాలం అన్నీ లక్షణంగానే ఉంటాయి మరి. హెప్సిబా తిట్టుకుంటూనే ఒక్కొక్కటీ బాగు చేసింది. ఆమె తిట్లు లోపలే ఉంటాయి, పని మాత్రం శుభ్రంగా ఉంటుంది. దసరాకు నూట ముప్పై వరసలు ఆకుపచ్చగా మారాయి.

నూట ముప్పై ఒకటోది కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్. గదుల్లో చలి ఎంత ఉందో గంట గంటకూ రాసుకోవడమే దాని పని. సరుకు పాడవలేదని బయటి దేశం నమ్మేది ఆ అంకెల్ని చూసే. దాన్ని ముట్టుకోవాలంటే గంగాధర్ గారి అనుమతి కావాలి. ఆయన నెల రోజులు ఇవ్వలేదు. చివరికి ఆయన ఏదో పెళ్ళికి కూచిపూడి వెళ్ళిన రోజు, గడువు దగ్గర పడుతోందని చెప్పి అక్కడి సూపర్‌వైజరు చూస్తుండగానే ఆమె ఏజెంటు పెట్టేసింది.

పది నిమిషాల్లో ఆ వరస ఎర్రబడింది. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రామ్ ఒకటి అందులో రెండేళ్ళుగా తెరిచి ఉంది. దాని పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. దారిన పోయేవాడు కూడా రావచ్చు. ఎవరైనా దొంగ దూరాడేమోనని కంగారుగా దాని చిట్టా తీసింది. దొంగలెవరూ రాలేదు. వచ్చినవాడు ఒక్కడే, నలభై మూడు సార్లు. అన్నీ గంగాధర్ గారి ల్యాప్‌టాప్ నుంచి.

ఎందుకో ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆ చలి అంకెల ఫైలు నకలు రోజూ సాయంత్రం ఐదింటికి దానంతటదే వచ్చి సర్వర్లో విడిగా పడేలా ఆమె ఎప్పుడో పెట్టింది, అది ఆమె అలవాటు. నకలునూ అసలునూ పక్కపక్కన పెట్టింది. వినాయక చవితి రోజు పొద్దున ఏడింటికి కరెంటు పోయింది. సెలవు గనక మనుషుల్లేరు, జనరేటర్ ఎత్తుకోలేదు. కంప్యూటర్ ఒక్కటి బ్యాటరీ మీద నడిచింది. తలుపు దగ్గరి సెన్సర్ గంట గంటకూ పైకి పాకుతూ సాయంత్రం నాలుగింటికి ప్లస్ ఐదుకు చేరాక కరెంటు వచ్చింది. నకలులో ఉన్నది ఇదీ. అసలు ఫైల్లో మాత్రం రోజంతా మైనస్ పద్దెనిమిదే. మర్నాడు ఉదయం గంగాధర్ గారు దూరం నుంచే వచ్చి దిద్ది వెళ్ళారు. తలుపు పక్కన పేర్చి ఉన్నది నలభై ఏడో లాటు. కరిగింది, మళ్ళీ గడ్డకట్టింది. అలాంటి రోజులు ఆ రెండేళ్ళలో ఇంకా ఉన్నాయి. హెప్సిబా కుర్చీ వెనక్కి జరిపి, కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. 

మర్నాడు గంగాధర్ గారే పిలిచారు. ముందు టీ తెప్పించారు.

"హెప్సిబా గారూ, ఆ కంప్యూటర్లో ఏజెంటు తీసెయ్యండి."

"తీసేస్తే ఎలాగండీ? ప్రతి దాంట్లో ఉండాలి కదా?"

"ఉన్న ప్రతి దాంట్లో ఉండాలి. మనకి మొత్తం నూట ముప్పయ్యేగా ఉంది? అదేమన్నా కంప్యూటరా? థర్మామీటరు."

"నకలు చూశానండీ నేను."

ఆయన కప్పు కింద పెట్టారు. ముఖంలో ఏ మార్పూ లేదు, అదే ఆమెకు మరీ అసహ్యమేసింది. "చూస్తే చూశారు. ఆ దారి మూస్తే నాకు కుదరదు, తెరిచి ఉంచితే మీ ఏజెంటు ఎర్రగా చూపిద్ది. ఈ సంతకం లేకపోతే ఆర్డరు పోద్ది. ఆర్డరు పోతే కింద షెడ్డు మూత పడుద్ది. మూడొందల మంది ఆడవాళ్ళు, మీ పిన్నితో సహా. వాళ్ళకి మీరే దిగి చెప్పండి. లేదా ఉయ్యూరులో రాంబాబని ఒకడున్నాడు, మీ కుర్చీలో కూర్చోమంటే రేపే వచ్చి సంతకం పెడతాడు. ఎలా చేద్దాం?"

హెప్సిబా ఒక రోజంతా ఆలోచించింది. షెడ్డు ఆడవాళ్ళ గురించి ఆలోచిస్తున్నానని తనకు తాను చెప్పుకుంది. కొంత నిజం. ఎక్కువగా ఆలోచించింది కుర్చీ గురించే. పదకొండేళ్ళు, మెట్లు, "మన హెప్సిబా". మర్నాడు కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్లోంచి ఏజెంటును తీసేసింది. ఖాయమేనా అని అది అడిగింది, అవునని నొక్కింది. వరస బూడిదరంగుకు మారింది. దాన్ని కూడా జాబితాలోంచి చెరిపేసింది. 'వాడుకలో ఉన్న కంప్యూటర్లు మొత్తం నూట ముప్పై. ఏజెంటు ఉన్నవి నూట ముప్పై' అన్న కాగితం మీద గుండ్రంగా, తన అలవాటు ప్రకారం చక్కటి దస్తూరితో సంతకం చేసింది. ఆ పూట ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ మూత తియ్యలేదు.

నవంబరులో బయటి కంపెనీ నుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది. ఎండీ గారు దానికి ఫ్రేము కట్టించి, సాయంత్రం షిఫ్టు ముగిసే వేళ షెడ్డు ముందు చిన్న సభ పెట్టారు. నూట ముప్పైకి నూట ముప్పై అని మైకులో మూడుసార్లు అన్నారు. హెప్సిబాకు శాలువా కప్పారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆమె ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. ఈ సంతోషంలో షెడ్డులో ప్రతి ఒక్కరికీ రెండు కిలోల రొయ్యల గడ్డ కానుకగా ఇస్తున్నామని ఎండీ గారు ప్రకటించారు. పెట్టెలు బయటికొచ్చాయి. వరసలో నిలబడి ఒక్కొక్కరే అందుకుంటున్నారు.

హెప్సిబా పక్కనే ఉన్న పెట్టెను యథాలాపంగా చూసింది. చీటీ మీద లాటు నంబరు నలభై ఏడు. ఇంకో పెట్టె తిప్పి చూసింది. అదీ అదే.

గంగాధర్ గారు కొంచెం దూరంలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నారు. ఆమె దగ్గరికెళ్ళి అడిగింది.

"ఇది ఆ లాటే కదండీ?"

"బయటికి పంపలేదు కదా, ఇంకేంటి మీ బాధ? అక్కడ టెస్టులు చేస్తారు, పట్టుబడితే పేరు పోద్ది. వీళ్ళేం టెస్టులు చేస్తారు? కారం దట్టించి ఉడకబెట్టుకుంటే ఏం కాదు."

"మీరూ ఓ పెట్టె తీసుకెళ్తారా?"

"మా ఇంట్లో రొయ్యలు పడవండీ" అని ఆయన మళ్ళీ ఫోన్లోకి తల దించుకున్నారు.

తెలియక దిద్దిన అంకెలు కావవి. ఏ సరుకు ఎవరి నోటికి పోవాలో ముందే తేల్చుకుని దిద్దినవి. సముద్రం అవతలి వాళ్ళ కడుపుకు ఒక లెక్క, ఇక్కడి కడుపుకు ఇంకో లెక్క. హెప్సిబా శాలువా తీసి కుర్చీ మీద పడేసింది. వరస చివర పిన్ని మాణిక్యమ్మ పెట్టె చంకన పెట్టుకుని, షెడ్డు ఆడవాళ్ళను తెచ్చి దింపే వ్యాను వైపు నడుస్తోంది. పరుగులాంటి నడకతో వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు.

"పిన్నీ, అది తినొద్దు. ఎవరూ తినొద్దు. కరిగి మళ్ళీ గడ్డకట్టిన సరుకది."

మాణిక్యమ్మ ఆగింది. ఆశ్చర్యపోలేదు.

"తెలుసే" అంది.

"తెలుసా?"

"ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తన్నా. మంచు తెల్లగా ఉందో పచ్చగా ఉందో కనబడదా నాకు? గడ్డ అడుగున ఎర్రనీళ్ళ చార కనబడదా? ఇట్టాంటియ్యి పండక్కీ పబ్బానికీ ఇస్తానే ఉంటారు. పట్టుకుపోయి కాలవలో పడేస్తాం. పిల్లిక్కూడా పెట్టం."

"మరి ఎందుకు తీసుకుంటారు?"

"వద్దంటే ఎందుకొద్దని అడుగుతారు. చెబితే రేపట్నుంచి వ్యాను ఎక్కనివ్వరు." మాణిక్యమ్మ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. "నీకెట్టా తెలుసే? నువ్వు గడ్డ ముట్టుకోలేదు కదా?"

అబద్ధం ఆడవచ్చు. పైనున్న వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాననవచ్చు. ఆ చెయ్యి పట్టుకుని అలా అనలేకపోయింది.

"కంప్యూటర్లో కనబడింది. చవితి రోజే కరిగింది. అది బయటికి రాకుండా ఆ కంప్యూటర్ని లెక్కలోంచి తీసేశాను. అంతా బాగుందని సంతకం పెట్టాను. ఇందాక ఎండీ గారు మైకులో నూట ముప్పైకి నూట ముప్పై అన్నారే, అది ఆ కాగితం మాటే."

మాణిక్యమ్మ ఒకసారి మేడ మీది ఆఫీసు కిటికీల వైపు చూసింది.

"మేం నోరు మూసుకున్నామే" అంది. "నువ్వు రాసిచ్చావు."

చెయ్యి విడిపించుకుంది. ఉప్పునీళ్ళకూ మందునీళ్ళకూ తెల్లగా నానిపోయి, గోళ్ళ పక్కన ఒరుసుకుపోయిన చెయ్యి అది. హెప్సిబా పట్టుకున్న మేర ఆ చేతిని మాణిక్యమ్మ పమిట చెంగుతో తుడుచుకుంది. కావాలని చేసినట్టు లేదు. తుడుచుకుని, పెట్టె చంకలో సర్దుకుని వ్యాను ఎక్కింది. మిగతా వాళ్ళు కూడా ఎక్కారు. తలుపు పడింది. వ్యాను రోడ్డెక్కి వెళ్ళిపోయింది.

హెప్సిబా ముందు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. సూపర్‌వైజరు ఏదో అనబోతే అతని వైపు చూసింది, అతను తప్పుకున్నాడు. ఏజెంటును మళ్ళీ ఎక్కించింది. మెట్లెక్కి తన కుర్చీలో కూర్చునేసరికి నూట ముప్పై ఒకటో వరస తెర మీద ఎర్రగా ఉంది. బయటి కంపెనీకి ఉత్తరం మొదలుపెట్టింది. రెండు ఫైళ్ళూ, అసలూ నకలూ, జత చేసింది. మొత్తం కంప్యూటర్లు నూట ముప్పై ఒకటి అని రాసింది. నూట ముప్పై అని సంతకం పెట్టింది నేనే అని రాసింది. జనరల్ మేనేజర్ ఒత్తిడి వల్ల అని రాసి, కాసేపు ఆ మాటలవైపే చూసింది. అవి అబద్ధం కాదు. అయినా వాటిని చెరిపేసింది. చెరిపిన చోట 'తెలిసే పెట్టాను' అని రాసి పంపేసింది.